కత్రినా లెహిస్, హాప్సలు ఊరు, 26–26 దగ్గర మొదలైన ఆ చివరి మూడు నిమిషాలు

మీరు అడిగింది ముందు మళ్ళీ రాస్తున్నా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. మీ పాపకి 11 ఏళ్ళు, ఆర్నెల్లుగా ఫెన్సింగ్‌కి (కత్తిసాము) వెళ్తోంది, అందులో ఎపే అనే రకం కత్తితో ఆడుతోంది, వాళ్ళ కోచ్ ఎస్టోనియా వాళ్ళ వీడియోలు చూపించమన్నారు. అసలు ఆ దేశం ఎక్కడుంది, కత్రినా లెహిస్ ఎవరు, ఆవిడ కెరీర్ ఏంటి, వాళ్ళ దేశంలో ఆవిడకి నిజంగా గుర్తింపు వచ్చిందా లేక గెలిచిన నాలుగు రోజులు దండలేసి వదిలేశారా, ఇదంతా చూసి పాపని సీరియస్‌గా ఆడించొచ్చా అని. నేను తొమ్మిదేళ్ళు రాష్ట్ర స్థాయిలో ఎపే ఆడాను, గత పన్నెండేళ్ళుగా పిల్లలకి నేర్పిస్తున్నా, మధ్యమధ్యలో రెఫరీగా కూడా నిలబడతా. మా పిల్లలకి నేను ఎక్కువసార్లు చూపించిన బౌట్లు, అంటే ఇద్దరి మధ్య జరిగే పోటీలు, ఎస్టోనియా ఆడవాళ్ళవే, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఎస్టోనియా అంటే బాల్టిక్ సముద్రం పక్కన, ఫిన్లాండ్‌కి కింద, రష్యాకి ఆనుకుని ఉన్న దేశం. 1991 దాకా సోవియట్ యూనియన్‌లో ఉండేది. దేశం మొత్తం జనాభా 13 లక్షలు, అంటే మన వైజాగ్ సిటీలో ఉన్నంత మంది కూడా లేరు. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2020వి కరోనా వల్ల 2021లో జరిగాయి కదా అందులో, ఆ దేశానికి మొత్తం వచ్చినవి రెండే రెండు మెడల్స్. ఒకటి ఆడవాళ్ళ ఎపే టీమ్ గోల్డ్, ఇంకోటి ఎపే ఇండివిడ్యువల్ బ్రాంజ్. రెండూ ఫెన్సింగే, రెండింట్లోనూ కత్రినా లెహిస్ ఉంది. బ్రాంజ్ ఆవిడ ఒక్కదానిదే, గోల్డ్ ఆవిడా ఇంకో ముగ్గురిదీ. ఒక దేశం ఒక ఒలింపిక్స్‌లో తెచ్చుకున్న ప్రతి మెడల్ మీదా ఒకే మనిషి పేరు ఉండటం ఎంత అరుదో ఆలోచించండి.

ఇప్పుడు ఊరి గురించి చెప్పాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో ఆవిడ కథ ఆవిడతో మొదలవ్వదు, ఊరితో మొదలవుతుంది. లెహిస్ పుట్టింది 1994 డిసెంబర్‌లో, హాప్సలు అనే ఊళ్ళో. రాజధాని తాలిన్ నుంచి ఓ వంద కిలోమీటర్లు, సముద్రం ఒడ్డున. జనం పదివేలు ఉంటారంతే, మన దగ్గర అయితే ఓ మాదిరి మండల కేంద్రం. ఊళ్ళో పాత కోట ఉంది, సముద్రపు బురదతో వైద్యం చేస్తారని ఒకప్పుడు రష్యా జార్ చక్రవర్తి కుటుంబం కూడా వచ్చేదట, వాళ్ళు తడవకుండా రైలు దిగాలని స్టేషన్‌లో 216 మీటర్ల పొడుగునా కప్పు వేసిన ప్లాట్‌ఫాం కట్టారు, ఇప్పటికీ ఉంది. ఇంకా ఆ ఊరి శాలువాలు ఫేమస్, ఉన్నితో చేత్తో అల్లుతారు, అంత పెద్ద శాలువా ఉంగరంలోంచి దూరిపోతుంది. మన పెద్దవాళ్ళు అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి చెప్తారు కదా, అలాంటిదే.

ఆ ఊరికి 1950లలో ఎండెల్ నెలిస్ అనే ఫెన్సర్ టీచర్‌గా వచ్చాడు, 1925లో పుట్టినాయన. యుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్ళు కాలేదు, ఇళ్ళల్లో మగవాళ్ళు చాలామంది లేరు, వస్తువులు దొరకవు, అలాంటి టైంలో ఆయన అక్కడి స్కూలు పిల్లలకి కత్తిసాము నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన జీవితం ఆధారంగా 2015లో ఒక ఫిన్లాండ్ డైరెక్టర్ సినిమా తీశాడు, దాన్ని ఫిన్లాండ్ ఆ ఏడు ఆస్కార్‌కి కూడా పంపింది. సినిమా సినిమాయే, అందులో చూపించినదంతా అలాగే జరిగిందని అనుకోకండి, కానీ అసలు సంగతి మాత్రం నిజం: ఒక మనిషి ఆ చిన్న ఊళ్ళో ఉండిపోయి పిల్లలకి నేర్పాడు, ఆయన 1993లో పోయాక కూడా నేర్పడం ఆగలేదు. ఆయన కూతురు హెలెన్ అక్కడే కోచ్. లెహిస్ కోచ్ పేరు పేటర్ నెలిస్, ఇంటిపేరు చూశారు కదా. క్లబ్ పేరు ఆన్ గార్డ్, బౌట్ మొదలయ్యే ముందు రెఫరీ చెప్పే మొదటి మాట అది, సిద్ధంగా నిలబడండి అని.

ఒలింపిక్ మెడల్ లెహిస్‌తో వచ్చింది గానీ ఆ ఊరి పేరు ప్రపంచానికి మొదట వినిపించింది ఆవిడ కాదు. నికొలాయ్ నొవొస్యోలోవ్ అని, 1980లో ఆ హాప్సలులోనే పుట్టాడు. 2010లో పారిస్‌లో మగవాళ్ళ ఎపే వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, మళ్ళీ 2013లో బుడాపెస్ట్‌లో అయ్యాడు. ఇది ఇంకోసారి చదవండి సర్, పదివేల మంది ఊళ్ళో పుట్టినవాడు రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2010లో ఆయన గెలిచేటప్పటికి లెహిస్‌కి ఇంకా పదహారు నిండలేదు. నేను కోచింగ్‌లో చూసింది ఏంటంటే, పిల్లలకి టీవీలో కనపడే ఛాంపియన్ కంటే తమ ఊరి పేరుతో గెలిచిన మనిషి చాలా ఎక్కువ పని చేస్తాడు. టీవీలో వాడు వేరే లోకం మనిషి. మన ఊళ్ళో పుట్టినవాడు గెలిస్తే, అయితే ఇక్కడ్నుంచి కూడా అవుతుందన్నమాట అనిపిస్తుంది, ఆ తేడా మాటల్లో చెప్పలేను.

ఎపే గురించి మీకు కొంచెం తెలిస్తే మిగతాది బాగా అర్థమవుతుంది. ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలు, ఫాయిల్, సేబర్, ఎపే. ఫాయిల్‌లో మొండెం మీద తగిలితేనే లెక్క, సేబర్‌లో నడుం పైన, ఎపేలో మాత్రం తల నుంచి బూటు కొన దాకా ఎక్కడ తగిలినా పాయింటే. పైగా మిగతా రెండింట్లో ఎవరు ముందు దాడి మొదలుపెట్టారు అని రెఫరీ చూసి పాయింట్ ఇస్తాడు, ఎపేలో ఆ గొడవ లేదు, ముందు ఎవరిది తగిలితే వాళ్ళదే, ఇద్దరివీ దాదాపు ఒకేసారి, సెకనులో ఇరవై ఐదో వంతు లోపల తగిలితే ఇద్దరికీ చెరో పాయింట్. అందుకే ఎపేలో తొందరపడ్డవాళ్ళు ఓడిపోతారు. చెయ్యి కొంచెం ముందుకు పెట్టావా, మణికట్టు మీద పొడుస్తారు. ఒక్కోసారి నిమిషం అంతా ఇద్దరూ ముందుకీ వెనక్కీ కాళ్ళు కదుపుతూనే ఉంటారు, ఒక్క టచ్ ఉండదు. తెలియనివాళ్ళకి బోర్ కొడుతుంది. తెలిసినవాళ్ళకి ఊపిరాడదు.

ఇంకో చిన్న విషయం, కత్తి గురించి. ఎపే మొన మీద చిన్న బటన్ లాంటిది ఉంటుంది, లోపల స్ప్రింగ్, బ్లేడ్ గాడిలో సన్నటి వైర్లు కిందకి వెళ్తాయి. మొనని పక్కల నుంచి రెండు స్క్రూలు పట్టుకుని ఉంటాయి, ఆవగింజంత ఉంటాయి ఒక్కోటి. ప్రతి బౌట్ ముందు రెఫరీ కత్తిని నిలువుగా పట్టించి మొన మీద 750 గ్రాముల బరువు పెడతాడు, ఆ బరువుని స్ప్రింగ్ పైకి మొయ్యాలి, మొయ్యలేక లైట్ వెలిగిందా, ఆ కత్తి పనికిరాదు. కొన్నేళ్ళ క్రితం ఒక టోర్నీలో మా దగ్గర నేర్చుకునే ఒకమ్మాయిని సెమీస్‌కి పిలిచాక ఆ పిల్ల కత్తి అలా ఫెయిల్ అయింది, స్పేర్ కత్తికి ఒక స్క్రూ ఎక్కడో రాలిపోయి ఉంది, హాలంతా తిరిగాం, ఒక్కరి దగ్గర ఆ స్క్రూ లేదు, నిర్వహించేవాళ్ళ దగ్గర కూడా లేదు. ఆ పిల్ల వేరే వాళ్ళ కత్తి అడిగి, తన చేతికి సరిపోని పిడి పట్టుకుని ఆడి 15–13తో ఓడిపోయింది. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నాకు హాప్సలు గుర్తొచ్చింది. డెబ్బై ఏళ్ళుగా పిల్లలు ఆడుతున్న ఊరు అంటే అర్థం ఏంటంటే, అక్కడ స్క్రూ పోతే ఇచ్చేవాళ్ళు పక్కనే ఉంటారు. పిల్ల ఏడిస్తే ఎందుకు ఏడుస్తోందో తెలిసిన పెద్దవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళూ చిన్నప్పుడు అక్కడే ఏడ్చినవాళ్ళు కాబట్టి.

సరే, లెహిస్‌కి ముందు ఆ దేశం ఆడవాళ్ళు ఎంత దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళారో చెప్పకపోతే ఆ గోల్డ్ విలువ తెలీదు. సోవియట్ రోజుల్లో స్వెత్లానా చిర్కోవా అని తాలిన్‌లో స్థిరపడినావిడ 1968 మెక్సికోలో, 1972 మ్యూనిక్‌లో ఫాయిల్ టీమ్ గోల్డ్ రెండుసార్లు తెచ్చింది, కానీ అది సోవియట్ జెండా కింద, ప్రపంచం లెక్కలో అవి సోవియట్ మెడల్స్. స్వతంత్రం వచ్చాక ఎస్టోనియా సొంత జెండా కింద ఫెన్సింగ్‌లో ఒలింపిక్ మెడల్ లేనే లేదు, లెహిస్ బ్రాంజే మొదటిది.

మధ్యలో ఇరినా ఎంబ్రిచ్. 1980లో తాలిన్‌లో పుట్టింది, 2006లో టురిన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో సిల్వర్, 2007లో బ్రాంజ్. అంటే ఫామ్ పీక్స్‌లో ఉన్నప్పుడు 2008 బీజింగ్ వచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఎపే టీమ్ ఈవెంటే పెట్టలేదు, అప్పట్లో టీమ్ ఈవెంట్లు వంతులవారీగా తీసేసేవాళ్ళు, ఆ ఏడు ఆ వంతు దీనికి పడింది. ఇది విన్న ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. మీరు ఎంత బాగా ఆడుతున్నా ఆ ఏడు మీ పోటీయే లేదు. తర్వాత 2013 బుడాపెస్ట్‌లో యులియా బెల్యాయెవా, తార్తు ఊరి అమ్మాయి, అప్పటికి 21 ఏళ్ళు, ఆడవాళ్ళ ఎపే వరల్డ్ ఛాంపియన్ అయింది. అదే ఛాంపియన్‌షిప్‌లో మగవాళ్ళది నొవొస్యోలోవ్ గెలిచాడు అని పైన చెప్పా కదా. ఒకే ఏడు ఎపే ఇండివిడ్యువల్ రెండు ప్రపంచ టైటిళ్ళూ 13 లక్షల మంది దేశానికి! ఫ్రాన్స్, ఇటలీ, హంగేరీ లాంటి వందేళ్ళ ఫెన్సింగ్ దేశాలు చూస్తూ ఉన్నాయి. 2014లో ఎరికా కిర్పుకి కజాన్‌లో ఇండివిడ్యువల్ బ్రాంజ్. ఇంత ఉన్నా 2016 రియోలో ఆడవాళ్ళ టీమ్ బ్రాంజ్ మ్యాచ్‌లో రష్యా చేతిలో 37–31తో ఓడి నాలుగో స్థానం. నాలుగు అంటే ఏంటో ఆడినవాళ్ళకి తెలుసు, ఫస్ట్ రౌండ్‌లో ఓడితే ఇంటికెళ్ళి నిద్రపోతాం, నాలుగో స్థానం వస్తే నిద్ర పట్టదు.

లెహిస్ పెద్ద స్థాయిలో తెలిసింది ఆ తర్వాతే. 2017లో లీప్‌జిగ్‌లో ఎస్టోనియా ఆడవాళ్ళ ఎపే టీమ్ వరల్డ్ ఛాంపియన్ అయింది. 2018లో సెర్బియాలోని నోవీ సాద్‌లో లెహిస్ యూరోపియన్ ఇండివిడ్యువల్ ఛాంపియన్ అయింది. ఫెన్సింగ్‌లో యూరోప్ టైటిల్ అంటే తేలిగ్గా తీసుకోకండి, ఎపేలో గట్టి దేశాలు చాలామటుకు అక్కడే ఉన్నాయి, కొరియా చైనా లేవన్నమాటే గానీ మిగతాది ప్రపంచ పోటీతో సమానం.

టోక్యో ఆవిడకి మొదటి ఒలింపిక్స్. జూలై 24, శనివారం. ఆ రోజు మనవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, మీరాబాయి చానుకి సిల్వర్ వచ్చిన రోజు, మన టీవీల్లో పొద్దున్నుంచి అదే, రావాల్సిందే కూడా. నేను ఫోన్‌లో ఫెన్సింగ్ పెట్టుకుని కూర్చున్నా. లెహిస్ ఫైనల్‌కి వెళ్ళలేకపోయింది, గోల్డ్ చైనా సున్ యివెన్‌కి, సిల్వర్ రొమేనియా పొపెస్కుకి వెళ్ళాయి. బ్రాంజ్ మ్యాచ్‌లో లెహిస్ ఎదురుగా రష్యా అమ్మాయి ఐజానత్ ముర్తజాయెవా, పెద్దగా ఎవరికీ తెలీని పేరు, కానీ ఆ రోజు మొదట్లోనే కొరియా స్టార్ చోయ్ ఇన్-జొంగ్‌ని ఇంటికి పంపేసి వచ్చింది. అలాంటి మనిషి, పోగొట్టుకోడానికి ఏమీ లేనిది, ఎపేలో చాలా ప్రమాదం. లెహిస్ 15–8తో గెలిచింది. ఎపేలో ఏడు పాయింట్ల తేడా అంటే అవతలి మనిషికి దారే దొరకలేదని అర్థం. సెమీస్ ఓడిపోయి, ఆ బాధ మింగి, అదే రోజు మళ్ళీ పిస్ట్ (ఫెన్సింగ్ ఆడే పొడుగాటి పట్టీ) ఎక్కి అంత శుభ్రంగా ఆడటం, నేను మా పిల్లలకి చెప్పేది ఇదే, గోల్డ్ కంటే ముందు ఆ బ్రాంజ్ చూడండి అని.

మూడు రోజుల తర్వాత, జూలై 27 మంగళవారం, టీమ్ పోటీ. టీమ్ బౌట్ ఎలా ఉంటుందంటే రిలే లాగా: ముగ్గురు ముగ్గురితో, మొత్తం తొమ్మిది బౌట్లు, ఒక్కోటి మూడు నిమిషాలు, స్కోరు కలుపుకుంటూ పోతారు, 45 దాకా లేదా టైం అయ్యేదాకా. నాలుగో మనిషి రిజర్వ్. ఎస్టోనియా నలుగురూ బెల్యాయెవా, ఎంబ్రిచ్, కిర్పు, లెహిస్. ఎస్టోనియా పోలాండ్‌ని దాటి, సెమీస్‌లో ఇటలీని 42–34తో కొట్టి ఫైనల్‌కి వచ్చింది. అవతల కొరియా, వాళ్ళు సెమీస్‌లో చైనాని ఓడించి వచ్చారు, మామూలు టీమ్ కాదు.

ఫైనల్‌లో ఎనిమిది బౌట్లు అయ్యేసరికి స్కోరు 26–26. ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేద్దాం. ఎనిమిది బౌట్లలో ఇద్దరివీ కలిపి 52 పాయింట్లు, అంటే సగటున బౌట్‌కి ఆరున్నర, అంటే అందరూ ఊపిరి బిగబట్టి, తప్పు చెయ్యకూడదు అని ఆడారన్నమాట. ఇక మిగిలింది ఒక్క బౌట్, మూడు నిమిషాలు. ఎస్టోనియా నుంచి లెహిస్, కొరియా నుంచి చోయ్ ఇన్-జొంగ్. అదే చోయ్, మూడు రోజుల క్రితం మొదట్లోనే ఓడి కసి మీద ఉన్న చోయ్. ఆ మూడు నిమిషాల్లో వచ్చిన పాయింట్లు పదహారు. లెహిస్ 10, చోయ్ 6. ఫైనల్ స్కోరు 36–32.

ఆరున్నర సగటు ఉన్న చోట పదహారు ఎందుకు వచ్చాయో పాపకి అర్థమయ్యేలా చెప్పండి, ఎపే అంతా ఇందులోనే ఉంది. స్కోరు సమానంగా ఉన్నంతసేపు ఇద్దరూ ఆగగలరు. ఒకరు ఒక్క పాయింట్ ముందుకి వెళ్ళారా, ఇక అవతలివాళ్ళకి గడియారం శత్రువు. వాళ్ళు రావాల్సిందే. వచ్చేవాళ్ళ చెయ్యి ముందుకొస్తుంది, దూరం తగ్గుతుంది, ముందున్నవాళ్ళు వెనక్కి అడుగేస్తూ ఆ చేతి మీదో భుజం మీదో పొడుస్తారు, పోనీ ఇద్దరికీ తగిలి రెండు లైట్లు వెలిగినా ముందున్నవాళ్ళకే లాభం, తేడా అలాగే ఉంటుంది, టైం తగ్గుతుంది. కానీ ఇదంతా చెప్పుకోడానికి సులువు. ఒలింపిక్ ఫైనల్లో వెనక్కి అడుగేసేటప్పుడు భయంతో వేశామా, లాగడానికి వేశామా అనేది కాళ్ళల్లో తెలిసిపోతుంది. లెహిస్ కాళ్ళల్లో భయం లేదు. నేను ఎన్నిసార్లు చూసినా నాకు అనిపించేది అదే.

హాల్లో ప్రేక్షకులు లేరు, కరోనా కదా. అరిచింది టీమ్‌మేట్లే. మెడల్ మెడలో వేసే పెద్దమనుషులు కూడా లేరు, ట్రేలో పెట్టి ఇస్తే ప్లేయర్లే తీసుకోవాల్సి వచ్చింది. ఎంబ్రిచ్‌కి అప్పటికి 41 నిండి రెండు వారాలు. 2006 సిల్వర్ నుంచి లెక్కేస్తే పదిహేనేళ్ళు. నాకు ఆవిడని చూసినప్పుడు గొంతు పట్టేసింది, ఇప్పుడు రాస్తున్నా అలాగే ఉంది.

ఇక గుర్తింపు. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇది, ఎందుకంటే మన దగ్గర ప్రతి తల్లిదండ్రులూ ఇదే అడుగుతారు, కొందరు సర్టిఫికెట్ వస్తుందా అని అడుగుతారు, లోపల ఉన్న భయం మాత్రం ఒకటే, నా బిడ్డ పడ్డ కష్టాన్ని ఎవరైనా చూస్తారా అని.

ఎస్టోనియాలో ఫెన్సింగ్ మొదటి నంబర్ ఆట కాదు. వాళ్ళ హీరోలు అంటే మంచు మీద స్కీయింగ్ చేసే ఆండ్రుస్ వేర్‌పలు, క్రిస్టీనా ష్మీగున్, డెకథ్లాన్‌లో 2000 సిడ్నీ గోల్డ్ తెచ్చిన ఎర్కి నోల్, డిస్కస్‌లో 2008 బీజింగ్ గోల్డ్ తెచ్చిన గెర్డ్ కాంటెర్, ర్యాలీ కార్లు నడిపే ఓట్ తానక్, వీళ్ళు. కాంటెర్ తర్వాత వేసవి ఒలింపిక్స్‌లో పదమూడేళ్ళు ఆ దేశానికి గోల్డే లేదు, ఆ కరువు తీర్చింది ఈ నలుగురు ఆడవాళ్ళు. అలాంటిది మర్చిపోవడం చిన్న దేశానికి కుదరదు. మన దగ్గర 140 కోట్ల మందిలో ఒక మెడల్ గ్రహీత పేరు జనంలో కలిసిపోవచ్చు, 13 లక్షల మంది ఉన్న చోట ఒలింపిక్ ఛాంపియన్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ప్రతి పేరూ నిలబడుతుంది. వాళ్ళ క్రీడల చట్టంలోనే ఒలింపిక్ విజేతలకి పెన్షన్ వయసు వచ్చాక ప్రభుత్వ సాయం అని ఒక నిబంధన పెట్టుకున్నారు. అది నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. దండ వేసిన రోజు అందరూ ఉంటారు, ముసలితనంలో గుర్తుపెట్టుకోవాలని చట్టంలో రాసుకోవడం వేరే సంగతి.

కానీ నేను చెప్పాలనుకున్నది అది కూడా కాదు. ఫెన్సర్ మొహం మాస్క్ వెనక ఉంటుంది, టీవీలో మీకు కనపడేది తెల్ల డ్రెస్, వీపు మీద ఇంటిపేరు, దాని కింద మూడక్షరాల దేశం పేరు. క్రికెటర్ లాగా రోడ్డు మీద గుర్తుపట్టే ఆట కాదు ఇది, ఏ దేశంలోనూ కాదు. నాకు తెలిసి ఫెన్సర్‌కి నిజమైన గుర్తింపు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి పిస్ట్ మీద, ఎదురుగా నిలబడ్డ మనిషి మీ పేరు చూసి ఒక అడుగు దూరంగా నిలబడితే. రెండోది సొంత ఊళ్ళో, తను ఏం చేస్తోందో అర్థమయ్యే జనం ఉంటే. హాప్సలులో అమ్మమ్మల కాలం నుంచి పిల్లలు ఆ క్లబ్బుకి వెళ్తున్నారు, అక్కడ 36–32 అంటే ఏంటో, 26–26 దగ్గర చివరి బౌట్‌కి వెళ్ళడం అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేనివాళ్ళు ఉన్నారు. ఆ అర్థం చేసుకోవడం కంటే పెద్ద సన్మానం ఏ ఆటగాడికీ ఉండదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతా.

మన సంగతికి వస్తే, లెహిస్ బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ మధ్య రోజుల్లో, జూలై 26న, అదే హాల్లో మన భవానీ దేవి సేబర్ ఆడింది, ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారతీయ ఫెన్సర్. చెన్నై అమ్మాయి, వాళ్ళ నాన్నగారిది మన తూర్పు గోదావరి వైపు సామర్లకోట. మొదటి బౌట్ 15–3తో గెలిచింది, రెండోది ఫ్రాన్స్ మనాన్ బ్రూనే మీద 15–7తో ఓడింది. ఓడిపోయాక దేశానికి సారీ చెప్పింది, అది చూసి చాలామందిలాగే నాకూ బాధేసింది, ఆ పిల్ల క్షమాపణ చెప్పాల్సిన పనే లేదు. కానీ ఒకటి గమనించండి, ఆవిడ తర్వాత మా దగ్గరకి వచ్చే అమ్మాయిల సంఖ్య పెరిగింది, వచ్చి మొదట అడిగేది ఆవిడ గురించే. నొవొస్యోలోవ్ గెలిచాక హాప్సలు పిల్లలకి ఏం అనిపించి ఉంటుందో నాకు అప్పుడు ఇంకా బాగా తెలిసింది.

టోక్యో తర్వాత ఎస్టోనియా ఆగిపోలేదు, 2024 పారిస్‌లో నెల్లీ డిఫెర్ట్ అనే ఇంకో ఎపే అమ్మాయి సెమీస్ దాకా వెళ్ళి, బ్రాంజ్ మ్యాచ్‌లో హంగేరీ అమ్మాయి మీద ఓడి నాలుగో స్థానంలో ఆగింది. మళ్ళీ ఆ నాలుగు. ఆవిడ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

పాపని సీరియస్‌గా ఆడించొచ్చా అంటే, ఆడించండి. మెడల్ వస్తుందని నేను మాట ఇవ్వలేను. కానీ క్లబ్ ఎంచుకునేటప్పుడు గోడ మీద కప్పులు లెక్కపెట్టకండి, పదేళ్ళ క్రితం అక్కడ నేర్చుకున్నవాళ్ళలో ఇప్పటికీ సాయంత్రాలు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చూడండి, ఉంటే అది మంచి చోటు. 11 ఏళ్ళకి ఎపేలో తొందరపెట్టకండి, రెండేళ్ళు కాళ్ళ మీదే పని జరగనివ్వండి, గెలుపు ఓటమి లెక్క అప్పుడే వద్దు. వీడియోలు చూపించేటప్పుడు మొదటిసారి సౌండ్ ఆపేసి, స్కోరు ఉన్న కింది భాగం కాగితంతో కప్పేసి, లెహిస్ కాళ్ళు మాత్రమే చూడమనండి, ఎప్పుడు వెనక్కి వేస్తోంది, ఎన్ని అడుగులు, ఎక్కడ ఆగుతోంది. రెండోసారి చెయ్యి. మూడోసారి మామూలుగా చూడనివ్వండి, అప్పుడు పాపే మీకు చెప్తుంది.

ఇంకోటి, రేపే చెయ్యండి. పాప కిట్ బ్యాగులో మాత్రల డబ్బా లాంటి చిన్న డబ్బా ఒకటి పెట్టి, అందులో ఆరు టిప్ స్క్రూలు, రెండు స్ప్రింగులు, సన్నటి స్క్రూడ్రైవర్ వెయ్యండి, స్క్రూ బిగించడం ఆ పిల్లకే నేర్పించండి, మీరు చెయ్యకండి. ఆరు ఎందుకంటే మూడు పాపకి, మూడు ఆ రోజు హాల్లో వెతుక్కుంటూ వచ్చే ఇంకో పిల్లకి.